చచ్చిన ఎద్దును కోశారు, మామయ్య చేతి మీద నల్లటి పుండు లేచింది: ఏం చేయాలి?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీ ఊరు ఒడిశాలోని గుణుపురం దగ్గర కొండ వార. మీరు విశాఖలో ఉద్యోగం చేస్తున్నారు. పది రోజుల కిందట పక్క వాడలో ఒక దుక్కిటెద్దు సాయంత్రం దాకా బాగానే మేసి, తెల్లారేసరికి చచ్చి పడి ఉంది. ముక్కులోంచీ వెనక నుంచీ నల్లటి రక్తం కారింది. వాడవాళ్లు దాన్ని కోసి పంచుకున్నారు. కోతలో చేయి వేసిన మీ మామయ్యకు ఇప్పుడు ముంజేతి మీద పుండు, మధ్యలో నల్లగా, చుట్టూ వాపు. నొప్పి లేదంటున్నారు, ఆకు పసరు కడుతున్నారు. మీ అమ్మగారు ఆ కూర తిన్నారు. ఇంట్లో ఒక పాలావు, ఒక చూడి ఆవు ఉన్నాయి. పాలు తాగొచ్చా అని అడిగారు. ఆ కళేబరం దగ్గర తిరిగిన కుక్క మీ చెల్లెల్ని గీరిందని చివర్లో ఒక ముక్క రాశారు.

నేను రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో ముప్పై ఏళ్లకు పైగా పశువైద్యం చేసి రిటైరయ్యాను. మనుషుల డాక్టర్ని కాను. కానీ మీరు చెప్పిన పుండును చాలా చేతుల మీద చూశాను కాబట్టి రాస్తున్నాను.

మీ మామయ్యను ఈ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లమని ఫోన్ చేయండి. మిగతాది తర్వాత చదవొచ్చు. గుణుపురంలో సబ్ డివిజన్ ఆసుపత్రి ఉంది, అక్కడికే వెళ్లమనండి. వెళ్లగానే డాక్టరుతో చెప్పాల్సిన మాట ఒకటుంది: "పది రోజుల కింద చచ్చిన ఎద్దును కోశాను, దాని ముక్కులోంచి రక్తం కారింది." ఈ మాట చెప్పకుండా పుండు ఒక్కటే చూపిస్తే, పురుగు కుట్టిందనో సెగగడ్డ అనో అనుకుని పూతమందు ఇచ్చి పంపే ప్రమాదం ఉంది. చాలామంది ఈ మాట చెప్పరు. చచ్చిన గొడ్డును తిన్నామని డాక్టరు ముందు ఒప్పుకోవడానికి సిగ్గుపడతారు, పోలీసులు వస్తారేమో అని భయపడతారు. మీ మామయ్య పక్కన ఎవరైనా ఇంటి మనిషి ఉండి ఆ మాట చెప్పేలా చూడండి.

మీరు చెప్పిన లక్షణాలన్నీ ఆంత్రాక్స్ వైపే చూపిస్తున్నాయి. మన పెద్దవాళ్లు దొమ్మ రోగం అనేది దీన్నే. ఖాయం చేయాల్సింది ఆసుపత్రిలో పరీక్షే. అయినా ఆ పరీక్ష ఫలితం వచ్చేదాకా మందు ఆపకూడదు. ఈ పుండు మొదట దోమ కుట్టినట్టు చిన్న బొడిపెగా లేస్తుంది. దురద ఉంటుంది. ఒకటి రెండు రోజుల్లో నీటి పొక్కు అవుతుంది, తర్వాత పగిలి మధ్యలో బొగ్గులా నల్లటి పెచ్చు కడుతుంది. ఆంత్రాక్స్ అనే పేరుకు మూలమైన గ్రీకు మాటకు అర్థం కూడా బొగ్గే. చుట్టూ మెత్తటి వాపు పుండు కంటే ఎంతో పెద్దగా ఉంటుంది. ఇంత జరుగుతున్నా నొప్పి ఉండదు. మన వాళ్లను మోసం చేసేది ఆ నొప్పి లేకపోవడమే. నొప్పి లేని పుండుకు కూలి మానుకుని ఎవరు ఆసుపత్రికి వెళతారు చెప్పండి.

మనుషులకు వచ్చే ఆంత్రాక్స్‌లో నూటికి 95 దాకా ఇలా చర్మానికి వచ్చేదే. వైద్యం అందకపోతే అలాంటి ప్రతి అయిదుగురిలో ఒకరు దాకా చనిపోవచ్చు. సరైన యాంటీబయాటిక్ వేళకు పడితే చావు నూటికి ఒకటి కూడా ఉండదు. మందులు కొత్తవీ కావు, ఖరీదైనవీ కావు. సిప్రోఫ్లాక్సాసిన్, డాక్సీసైక్లిన్, పెన్సిలిన్ అన్నీ ప్రభుత్వ ఆసుపత్రిలో దొరికేవే. ఏది, ఎంత, ఎన్నాళ్లు అనేది డాక్టరు చెప్పాలి. మందుల షాపులో అడిగి రెండు రోజులు వాడి మానేయడం మాత్రం వద్దు. ఇంకో సంగతి ముందే చెప్పి ఉంచండి. మందు పడ్డాక లోపల క్రిమి చచ్చిపోయినా పుండు తన దారిన తాను నల్లబడి, పెచ్చు కట్టి, రెండు మూడు వారాలకు గానీ రాలదు. "మందు పని చేయట్లేదు" అని మధ్యలో ఆపేసి మళ్లీ పసరుకు వెళ్లిపోయిన వాళ్లను చూశాను. ఆ పుండును నొక్కకూడదు, గిల్లకూడదు, బ్లేడుతో కోయకూడదు. కోస్తే క్రిమి రక్తంలోకి పోవచ్చు. శుభ్రమైన పొడి గుడ్డ కప్పి తీసుకెళితే చాలు.

వాపు మెడకో ముఖానికో పాకినా, జ్వరం కాసినా, ఆయాసం వచ్చినా, తల పగిలిపోయేలా నొప్పి పెట్టినా గుణుపురంలో ఆగకుండా బరంపురం గానీ కోరాపుట్ గానీ మెడికల్ కాలేజీకి పంపమని అడగండి. 108కి ఫోన్ చేయండి.

ఇక్కడ మన కొండ ప్రాంతంలో ఒక చిక్కు ఉంది. స్క్రబ్ టైఫస్ అనే జ్వరానికి కూడా ఒంటి మీద నల్లటి పెచ్చు వస్తుంది. పొదల్లో, గడ్డిలో ఉండే కంటికి ఆనని నల్లి పిల్లలు (మంచంలో ఉండే నల్లి కాదు, ఇంగ్లీషులో మైట్ అనేది) కుట్టడం వల్ల వచ్చేది అది. ఆ నల్లులు ఎలుకల మీద బతుకుతాయి. ఆ పెచ్చు చిన్నది, బీడీ కాల్చినట్టు ఉంటుంది. ఎక్కువగా చంకలోనో గజ్జల్లోనో దాక్కుని ఉంటుంది. చుట్టూ పెద్ద వాపు ఉండదు గానీ జ్వరం గట్టిగా ఉంటుంది. మీ మామయ్యకు వాపు ఉంది, జ్వరం లేదు, పుండు కోసిన చేతి మీదే ఉంది. అందుకే నా అనుమానం ఎద్దు మీదికే పోతోంది.

అమ్మగారి సంగతి. కూర బాగా ఉడికించే తిన్నారని రాశారు. మంట మీద బాగా ఉడికిన మాంసంలో మామూలు రూపంలో ఉన్న క్రిమి చస్తుంది. కానీ అది బీజంగా, అంటే గట్టి పెంకు కట్టుకున్న రూపంలోకి, మారి ఉంటే ఉడుకుకు అంత తేలిగ్గా చావదు. పైగా కూర తినడం ఒక్కటే కాదు, మాంసం కడిగింది ఎవరు, ముక్కలు కోసింది ఎవరు అన్నది చూడాలి. తిన్నవాళ్లకు జబ్బు వస్తే సాధారణంగా వారంలోపే బయటపడుతుంది: గొంతు వాపు, మింగలేకపోవడం, కడుపు నొప్పి, వాంతులు, రక్త విరేచనాలు. ఈ రకం చర్మపు దానికంటే చాలా ప్రమాదం, చావు నూటికి 25 నుంచి 60 దాకా ఉంటుంది. పది రోజులు దాటినా ఆమె బాగున్నారంటే చాలా వరకు ధైర్యం తెచ్చుకోవచ్చు. అయినా మామయ్యతో పాటు ఆమెనూ, ఆ మాంసం ముట్టుకున్న అందరినీ డాక్టరుకు చూపించండి, ముందుజాగ్రత్త మందు కావాలో లేదో ఆయన చెబుతారు. ఈ జబ్బు మామూలుగా మనిషి నుంచి మనిషికి అంటదు. మామయ్యను వేరుగా పెట్టడం, ఆయన కంచం వేరు చేయడం లాంటివి చేయనీయకండి. ఆ పుండు రసి చేతికి తగలకుండా చూసుకుంటే చాలు.

ఇంట్లో చూరు కింద ఎండబెట్టిన మాంసం ఏమైనా మిగిలి ఉందా? ఈ ప్రశ్న ఎవరూ అడగరు, నేను తప్పకుండా అడుగుతాను. కొండ వాడల్లో అంత మాంసం ఒక్కరోజులో అయిపోదు, వానాకాలానికి ఎండబెట్టి దాచుకుంటారు. ఎండకు ఈ బీజం చావదు. ఉంటే నిప్పుల్లో వేసి బూడిద చేయమనండి. కుక్కలకు వేయొద్దు, గెడ్డలో పారేయొద్దు. తోలు ఎవరైనా ఉంచుకున్నారేమో కూడా కనుక్కోండి. 2008లో లండన్‌లో డప్పులు తయారు చేసే ఒకాయన జంతు చర్మాల నుంచి లేచిన దుమ్ము పీల్చి ఈ జబ్బుతోనే చనిపోయాడు. మన దగ్గరా డప్పులకూ తుడుములకూ తోలు వాడతారు కాబట్టి చెబుతున్నాను. కోసిన కత్తిని నిప్పుల్లో ఎర్రగా కాల్చాలి, లేదంటే మూత పెట్టిన గిన్నెలో అరగంట కుతకుతా మరిగించాలి.

కత్తి గురించి ఇంతగా ఎందుకు చెబుతున్నానో వివరిస్తాను. ఈ రోగం గుట్టంతా అక్కడే ఉంది. పశువు చచ్చేటప్పటికి దాని రక్తం నిండా కోట్లాది క్రిములు ఉంటాయి. కళేబరం మూసి ఉన్నంతసేపు లోపల గాలి ఉండదు. కుళ్లుడు మొదలై, ఆ కుళ్లబెట్టే సూక్ష్మజీవులే రెండు మూడు రోజుల్లో ఈ క్రిమిని చాలావరకు చంపేస్తాయి. మనం కత్తి పెట్టి తెరిచామా, గాలి తగులుతుంది. గాలి తగలగానే ఒక్కో క్రిమి గట్టి పెంకు కట్టుకుని బీజంగా మారుతుంది. ఆ బీజం మట్టిలో ఏళ్ల తరబడి, దశాబ్దాల తరబడి బతికే ఉంటుంది. ఎండ, వాన, చలి దాన్నేమీ చేయలేవు. మళ్లీ ఏ గొడ్డో అక్కడ గడ్డి మొదలంటా కొరికి మట్టితో సహా మింగితే దాని ఒంట్లో నిద్ర లేస్తుంది. 1876లో ఈ సంగతి కనిపెట్టిన రాబర్ట్ కోచ్ పెద్ద ప్రయోగశాలలో పనిచేసే శాస్త్రవేత్త కాదు అప్పటికి, వోల్‌స్టైన్ అనే చిన్న ఊళ్లో జిల్లా వైద్యుడు. ఫ్రాన్సు రైతులు గొర్రెలు వరసగా చచ్చే చేలను శాపం తగిలిన చేలు అనేవారట. మన దగ్గర కూడా ఫలానా గట్టు మీద మేపితే గొడ్డు దక్కదు అని చెప్పే ఊళ్లున్నాయి. ముసలాళ్లు అలా చెబితే నేను కొట్టిపారేయను. ఎప్పుడో అక్కడ ఒక గొడ్డును కోసి ఉంటారని అనుకుంటాను.

బీజం ఎంతకాలం ఉంటుందో తెలియాలంటే సైబీరియాలోని యమాల్ సంగతి చూడండి. అక్కడ 1941 తర్వాత ఈ జబ్బు మాటే లేదు. జబ్బు లేదు కదా అని 2007లో రెయిన్‌డీర్ జింకలకు టీకా ఆపేశారు. 2016 వేసవిలో ఎండలు ముదిరి గడ్డకట్టిన నేల కరిగింది. రెండు వేలకు పైగా జింకలు చచ్చాయి, పన్నెండేళ్ల పిల్లవాడు ఒకడు చనిపోయాడు. మన కోరాపుట్ చుట్టుపక్కల అంత విరామం కూడా ఉండదు, తరచూ ఏదో ఒక వాడ నుంచి కేసులు వస్తూనే ఉంటాయి.

అందుకని ఆ ఎద్దును కోసిన చోటు సంగతి పశువుల ఆసుపత్రికి తప్పకుండా చెప్పాలి. మొబైల్ వెటర్నరీ బండికి 1962 నంబరు ఉంది. అది కలవకపోతే దగ్గర్లోని లైవ్‌స్టాక్ ఇన్‌స్పెక్టరుకు చెప్పినా చాలు. రక్తం కారిన మట్టి, ఎముకలు, పేడ, అక్కడి గడ్డి అన్నీ కాల్చి, ఫార్మలిన్ అనే క్రిములను చంపే మందు కొట్టించి, ముళ్లకంప కట్టించాలి. పశువులు అక్కడ మేయకూడదు. ఇంకెప్పుడైనా ఇలా చావు జరిగితే కళేబరాన్ని ఈడ్చుకుపోకుండా, ముక్కు నోరు వెనక భాగం గుడ్డ కుక్కి మూసి, ఉన్నచోటే కాల్చడం అన్నిటికంటే మేలు. కట్టెలు చాలకపోతే ఆరడుగుల లోతు గొయ్యి తీసి, గెడ్డకూ నూతికీ దూరంగా పాతాలి. పైన సున్నం చల్లాం కదా, ఇంకేం కాదు అనుకోకండి. సున్నం ఈ బీజాన్ని చంపదు, అందులోని కాల్షియం దానికి మేలే చేయొచ్చు. లోతు, పైన కుక్కలు తవ్వకుండా రాళ్లు, ఇవే కాపాడేవి. డాక్టరు వస్తే ఆయన కూడా కోసి చూడడు, చెవి నరం నుంచి ఒక చుక్క రక్తం గాజు పలక మీద తీసుకుని రంగు వేసి చూస్తాడు.

ఆ వాడవాళ్లను తిట్టొద్దని మిమ్మల్ని బతిమాలుతున్నాను. నేను కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు ఇలాగే ఒక కొండ ఊరికి వెళ్లి గట్టిగా మాట్లాడాను. తెలివి లేదా, చచ్చినదాన్ని తింటారా అని. ఒక ముసలమ్మ కువిలో, అంటే అక్కడి కోందుల భాషలో, ఏదో అంది. పక్కనున్న కుర్రాడు తెలుగులో చెప్పాడు: "ఏడాదంతా చోడి అంబలే. ఈ ఎద్దు పోయింది, దుక్కి పోయింది. దాన్ని కూడా పాతిపెట్టమంటున్నావు. మాకేం ఇస్తావు?" నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ నిజానికి పూర్తి జవాబు లేదు. ఆ తర్వాత నేను ఊళ్లోకి వెళ్లే పద్ధతి మార్చుకున్నాను. ముందు ఊళ్లో నాటువైద్యం చేసే దిశారి దగ్గర కూర్చునేవాణ్ని, ఆశా దీదీని వెంట తీసుకెళ్లేవాణ్ని, సంత రోజున టీకా డబ్బా పట్టుకుని పశువుల దారిలో నిలబడేవాణ్ని. తినొద్దు అనే మాట కంటే టీకా వేయించుకోండి అనే మాటకు వాళ్లు తొందరగా ఒప్పుకున్నారు. బతికున్న ఎద్దును కాపాడుకోమని చెప్పడం వాళ్లకు అవమానంగా అనిపించదు కదా.

టీకా గురించి నాలుగు మాటలు. 1881లో లూయీ పాశ్చర్ జనం ముందు గొర్రెల మీద చేసి చూపించింది ఈ జబ్బు టీకానే. ఇప్పుడు మనం వేసేది 1930ల్లో దక్షిణాఫ్రికాలో మాక్స్ స్టెర్న్ తయారుచేసిన రకం. అది బలహీనపరిచిన బతికున్న బీజం. చర్మం కింద వేస్తారు, ఏడాది పాటు కాపాడుతుంది. కాబట్టి ప్రతి ఏడూ తొలకరికి ముందే వేయించాలి. టీకా వేసిన రోజుల్లో పశువుకు పెన్సిలిన్ లాంటివి ఇస్తే టీకా చచ్చిపోతుంది, పని చేయదు. కాబట్టి జ్వరం ఉన్న పశువుకు టీకా కాదు, మందు. జ్వరం లేని వాటికి టీకా. మీ చూడి ఆవు ఎన్ని నెలలదో చెప్పి వేయాలో ఆగాలో డాక్టరునే అడగండి.

పాలావు హుషారుగా మేస్తూ, మామూలుగా పాలిస్తుంటే ఆ పాలు పొంగేదాకా కాచి తాగండి. పొదుగు దగ్గరే పచ్చిపాలు తాగే అలవాటు ఉంటే మానేయండి. ఇది ఆంత్రాక్స్ కోసం చెప్పడం లేదు. పచ్చిపాల ద్వారా వచ్చేవి ఈసుడు రోగం, పశువుల క్షయ. ఈసుడు రోగం, అంటే బ్రూసెల్లోసిస్, నాకే వచ్చింది. ఒక ఆవు ఏడో నెలలో ఈసుకుపోతే, అంటే కడుపు పోతే, మాయ రాక అవస్థ పడుతోంది. గ్లౌజులు అయిపోయాయి. ఒట్టి చేత్తో తీశాను. నెల తర్వాత సాయంత్రమయ్యేసరికి జ్వరం, రాత్రి చెమటలతో దుప్పటి తడిసిపోయేది, నడుము నొప్పికి వంగలేకపోయేవాణ్ని. ఒక ఆసుపత్రిలో మలేరియా అన్నారు, తర్వాత టైఫాయిడ్ అన్నారు. మూడు నెలలు అలా గడిచాక నేనే నోరు తెరిచి "నేను ఈసుకుపోయిన ఆవుల మాయ తీస్తాను" అని చెబితే అప్పుడు ఆ పరీక్ష రాశారు. రెండు రకాల మందులు ఆరు వారాలు మింగాను. నేను పశువైద్యుణ్ని అయ్యుండీ మూడు నెలలు ఆ మాట చెప్పాలని తట్టలేదు. మీ మామయ్యతో డాక్టరుకు చెప్పించండి అని పైన అంతగా రాసింది అందుకే.

కాబట్టి మీ చూడి ఆవు పొరపాటున ఈసుకుపోతే ఆ మాయనూ పిండాన్నీ ఒట్టి చేత్తో ముట్టుకోవద్దు. గ్లౌజు లేకపోతే చేతికి మందంగా పాలిథిన్ సంచులు కట్టుకుని, లోతుగా పాతి, చేతులు సబ్బుతో కడుక్కోండి. ఇంట్లో గర్భిణి ఉంటే ఆ ఛాయలకు రానీయకండి. పెయ్య దూడ పుడితే నాలుగో నెలకూ ఎనిమిదో నెలకూ మధ్యలో ఒక్కసారి బ్రూసెల్లా టీకా వేయించండి. 2019లో మొదలైన కేంద్ర పథకం కింద ఉచితంగానే వేస్తారు. కోడె దూడకు వేయరు.

చెల్లెలి సంగతి మీరు చివర్లో రాశారు గానీ దానికీ ఈ రోజే కదలాలి. ఆ కుక్క కళేబరం దగ్గర తిరిగింది అన్నది ఇక్కడ పెద్ద విషయం కాదు, గీరింది అన్నదే విషయం. గీరిన చోట ఇప్పుడైనా సరే ధారగా పడే నీళ్లతో, సబ్బుతో పదిహేను నిమిషాలు కడగమనండి. కారం, సున్నం, పసుపు ఏదీ పెట్టొద్దు. రక్తం చిమ్మని గీరుడు అయితే రేబిస్ టీకా చాలు. రక్తం వచ్చి ఉంటే టీకాతో పాటు గాయం చుట్టూ వేసే ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా కావాలి, అది అడిగి వేయించుకోవాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో చర్మంలోకి వేసే టీకా మొదటి రోజు, తర్వాత 3, 7, 28వ రోజుల్లో వేస్తారు. కుక్కను కట్టేసి పది రోజులు చూడగలిగితే మంచిదే, కానీ అది చూస్తూ టీకా ఆపకూడదు. రేబిస్ లక్షణాలు కనిపించాక ఇంచుమించు ఎవరూ బతకరు. మామయ్య వెళ్లే బండిలోనే చెల్లెల్నీ ఎక్కించండి.

ఒక విషయం మీరు రాయలేదు. చచ్చింది దుక్కిటెద్దు కదా, దాని జోడెద్దు ఏమైంది? రెండూ ఒకే చోట మేసి ఉంటాయి. అది బతికి ఉంటే ఆ రైతుతో చెప్పండి, పొద్దునా సాయంత్రమూ దాని జ్వరం చూడమని. పశువుకు మామూలుగా 101, 102 డిగ్రీలు ఉంటుంది. 104 దాటినా, మేత మానినా, వణికినా వెంటనే డాక్టరును పిలవమనండి. ఆ దశలో పెన్సిలిన్ పడితే బతికించవచ్చు, నేను బతికించాను. జ్వరం లేకపోతే మొదటి టీకా దానికే వేయించండి. టీకా పడేదాకా ఆ గట్టు మీదికి మాత్రం తోలొద్దని చెప్పండి.